ఏడో ట్యూబు బిరడా

రేపల్లె పాసింజరులో సుమయా పక్కన కూర్చుంటే నా చీరకి దూది పోగులు అంటుకునేవి. ఇంటికి వచ్చాక మా అత్తగారు వాటిని ఏరి పారేస్తూ, "మళ్లీ ఆ పరుపులాయన కూతురి పక్కనే కూర్చున్నావా?" అనేది. కూర్చోక ఎక్కడికి పోతాను? నాది అంగలకుదురు, ఆమెది తెనాలి. ఇద్దరం రేపల్లెలో ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నాది జువాలజీ, ఆమెది మైక్రోబయాలజీ. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. దేవుడు ఆమెకి ఈ రెండూ తిరగేసి ఇచ్చాడు. వయసులో చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది, నేను తిడితే పడేది, చివరికి తను అనుకున్నదే చేసేది.

వాళ్ల నాన్న నాగుల్ మీరా గారికి తెనాలిలో కాలవ పక్క వీధిలో పరుపుల షాపు ఉండేది. తాతల నాటి నుంచి దూది ఏకే పని. విల్లు పోయి మిషను వచ్చింది. మిషను వచ్చిన కొన్నాళ్లకే ఊళ్లోకి ఫోము పరుపులు దిగాయి. అయినా ఆడపిల్లని కాపురానికి పంపేటప్పుడు పరుపులు నాగుల్ మీరా దగ్గరే కుట్టించాలని పట్టుబట్టే ఇళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆయన దూది పొడిగా ఉంటుందని, పాత దూది కలపడని, ఆయన కుట్టిన పరుపు ఎన్ని వానాకాలాలు గడిచినా ముక్కిన వాసన రాదని ఊళ్లో పేరు. ఆ పేరు తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు.

సుమయా చిన్నప్పుడు ఎవరో పాత పరుపొకటి బాగు చేయమని తెచ్చారట. విప్పితే లోపల దూది నల్లగా, ఆకుపచ్చగా మచ్చలు పడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. "దీన్నేం తినేసింది నాన్నా?" అని అడిగింది. "తేమమ్మా" అన్నాడాయన. "తేమకి నోరుంటుందా?" అంది పిల్ల. ఆ మాట ఆయన షాపుకి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. పిల్ల మాత్రం ఆ నోరు ఎవరిదో తెలిసేదాకా ఊరుకోలేదు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది. రేపల్లెలో ఉద్యోగంలో చేరింది. 2003లో బాపట్లలో ఓ చిన్న పరిశోధనశాలలో పూర్ణచంద్రరావు గారి దగ్గర పీహెచ్‌డీకి చేరింది. కాలేజీ ఉన్న రోజు రేపల్లె బండి, లేని రోజు బాపట్ల బండి. ఆమె యవ్వనంలో సగం తెనాలి స్టేషను ప్లాట్‌ఫారం మీదే ఖర్చయిపోయిందని నేను ఎగతాళి చేసేదాన్ని.

పరిశోధన ఏమిటో రైల్లోనే చెప్పింది. గెల కోసుకున్నాక రైతులు అరటి చెట్టుని నరికి తోటలోనే పడేస్తారు. అంత లావు బోదె కొన్నాళ్లకే కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. దాన్ని కుళ్లబెట్టేవి బూజులు. పీచుని కోయడానికి బూజు ఒక ఎంజైము తయారు చేసుకుంటుంది. ఆ ఎంజైముని ఎలా తయారు చేయాలో బూజులో ఉన్న ఒక జన్యువు చెబుతుంది. పీచుని బాగా కోసే బూజుని పట్టుకోవాలి, దాని జన్యువుని అక్షరం అక్షరం చదవాలి. "చదివి ఏం చేస్తావు?" అన్నాను. "గడ్డీ, బోదే, చెత్తా అన్నీ యాసిడ్ లేకుండా కరిగించొచ్చు అక్కా" అంది. నాకు కప్పల్ని కోయడమే తెలుసు కాబట్టి తల ఊపాను.

2004 చలికాలం మొదట్లో కొల్లిపర దగ్గర ఏటి లంకల్లో ఓ అరటి తోటకి బయల్దేరింది. ఆడపిల్ల ఒక్కత్తే తోటల్లో తిరగడమేంటని నాగుల్ మీరా గారు మోపెడ్ మీద తీసుకెళ్లాడు. వెంట గాజు ట్యూబులు. వాటి మూతులకి దూది బిరడాలు. బిరడాలతో సహా ట్యూబుల్ని బాపట్లలో ఆవిరి కుక్కరులో ఉడికించి, లోపల ఏ సూక్ష్మజీవీ బతికి లేకుండా చేసి తెచ్చుకుంది. ఆ బిరడాలు చేసింది కూడా ఆయనే. ల్యాబులో పిల్లలు చేసే బిరడాలు ఒకటి వదులు, ఒకటి బిగువు. ఈయన వేళ్ల మధ్య దూదిని చుట్టి తిప్పితే అన్నీ ఒక్క కొలతలో వచ్చేవి. తోటలో సుమయా వంగి కుళ్లిన బోదె ముక్కల్ని చిమటాతో తీసి ట్యూబుల్లో వేస్తుంటే, ఆయన పక్కన నిలబడి ట్యూబులు అందుకున్నాడు.

ఆ ట్యూబుల్లో ఏడోది అదృష్టం తెచ్చింది. ల్యాబులో పీచు కలిపిన జెల్లీ మీద ఒక్కో బూజునీ పెంచి, పైన ఎర్ర రంగు పోసి కడుగుతారు. బూజు పీచుని కోసేసిన చోట రంగు నిలవదు, చుట్టూ తెల్లటి వలయం పడుతుంది. మిగతా బూజులకి పడిన వలయాలు చిన్నచిన్నవి. ఏడో దాని వలయం పళ్లెం అంచుదాకా పాకింది. దానికి కె-7 అని పేరు పెట్టింది. కె అంటే కొల్లిపర. దాని జన్యువుని విడదీయడానికి రెండేళ్లు పట్టింది. హైదరాబాదు నుంచి జన్యువు అక్షరాలు వచ్చిన రోజు ఆ కాగితాలు రైల్లో ఒళ్లో పరుచుకుని కూర్చుంది. నాలుగే అక్షరాలు, పేజీల నిండా అవే.

"ఇందులో నీకేం కనపడతందే?" అన్నాను.

"ఇదిగో అక్కా, ఇక్కడ. ఇప్పటిదాకా చదివిన బూజుల్లో ఇక్కడ ఒకటి ఉంటే దీంట్లో ఇంకోటి ఉంది. అందుకే మన ఎంజైము సబ్బు నీళ్లల్లో కూడా పని చేస్తంది." వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చేదాకా ఆపకుండా మాట్లాడింది. ఆమె అంత మాట్లాడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఓ పత్రికలో వ్యాసం వచ్చింది. కె-7, కొల్లిపర అరటి తోట, అని అచ్చయింది. థీసిస్ రాసి ఇచ్చేసింది. ఇక వైవా ఒక్కటే మిగిలిందనుకున్నాం. వైవాకి వచ్చిన వాళ్లకి సమోసాలు ఎక్కడ చెప్పాలో కూడా నేను తేల్చేశాను.

2008 వేసవిలో పరీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. ఇద్దరు ఒప్పుకున్నారు. విశాఖపట్నం నుంచి శివరామయ్య గారనే ప్రొఫెసరు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన రాసింది రెండే మాటలు. ఈ జన్యువు పత్తి మీద బతికే బూజుల జన్యువులకి దగ్గరగా ఉంది, అరటి తోటలోకి ఎలా వచ్చింది? అదే తోట నుంచి అదే బూజుని మళ్లీ పట్టి చూపించండి, లేదా ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పండి, అంతవరకూ వైవా లేదు. మర్యాదగానే రాశాడు. కానీ చదివిన ప్రతివాడికీ ఒకటే అర్థమైంది, ఈ అమ్మాయి వేరే ల్యాబులోని బూజుని తెచ్చి కొల్లిపరది అని చెప్పుకుంటోందని.

అదే నెలలో మా కాలేజీ యాజమాన్యం ఇంకో బాంబు పేల్చింది. 2009 జూన్ నుంచి మైక్రోబయాలజీకి పీహెచ్‌డీ ఉన్నవాళ్లే కావాలి, లేని వాళ్లు వేరే దారి చూసుకోవాలి. ఆ సబ్జెక్టు చెప్పేది సుమయా ఒక్కతే. అంటే ఆ బూజు మళ్లీ దొరికితే డిగ్రీ, ఉద్యోగం, పరువు. దొరకకపోతే మూడూ లేవు.

ఆమె మళ్లీ కొల్లిపర పోయింది. అదే తోట, అదే గట్టు, అదే మూల. ట్యూబులు నింపుకొచ్చి బాపట్లలో పెంచింది. రకరకాల బూజులు వచ్చాయి, కె-7 రాలేదు. వానలు పడ్డాక మళ్లీ పోయింది. దసరా సెలవుల్లో నేనూ వెంట పోయాను. తోట రైతు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "కుళ్లిపోయిన బోదెల కోసం ఇంతమంది చదువుకున్నోళ్లు రావాలా అమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, అడిగింది న్యాయమే. సుమయా బురదలో మోకాళ్ల మీద కూర్చుని ముక్క తర్వాత ముక్క తీస్తూనే ఉంది. ఆ పళ్లేల్లో కూడా కె-7 లేదు.

స్టాఫ్ రూములో గుసగుసలు మొదలయ్యాయి. నేను లోపలికి రాగానే ఆగిపోయేవి. ఒక రోజు కామర్స్ ఆయన, "పూణేలో ఎవరి దగ్గరో తెచ్చుకుందంటగా?" అని నన్నే అడిగాడు. పూణే ఏ దిక్కున ఉందో సుమయాకి తెలియదని, కావాలంటే ఆయనకి నేను చూపిస్తానని చెప్పాను. నాతో వారం రోజులు మాట్లాడలేదు, అదీ లాభమే. సుమయా మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. టిఫిన్ డబ్బా తెరిచేది, మూసేది. భయం వేసింది నాకు.

అప్పుడు బాపట్ల నుంచి పూర్ణచంద్రరావు గారు పిలిపించాడు. నేనూ పోయి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటు దగ్గర పడింది, గొడవ వద్దనుకునే మనిషి.

"చూడమ్మా, కె-7 మన ఫ్రిజ్జులో ఉందిగా. దాన్నే కొంచెం పెంచి, కొల్లిపరలో మళ్లీ దొరికిందని రాసి పంపిద్దాం. ఆయన వచ్చి బోదెలు తవ్వుతాడా ఏంటి?"

"దొరకలేదు కదండీ."

"మొదట దొరికిందిగా. అది అబద్ధం కాదుగా. ఒకసారి దొరికింది రెండోసారి దొరికిందని రాస్తే ఎవరికి నష్టం?"

సుమయా లేచి సంచీ చేతికి తీసుకుంది. ఆయన వారం గడువు ఇచ్చాడు, ఆ తర్వాత తనే రాసి పంపుతానన్నాడు, ఆమె సంతకం పెడితే చాలన్నాడు. అది సాయమో బెదిరింపో నాకు అర్థం కాలేదు. ఆయనకీ అర్థమై ఉండదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. నేను ఉండబట్టలేక, "సంతకం పెట్టు. నేనైతే పెట్టేదాన్ని. నువ్వు దొంగతనం చేయలేదు, నీ బూజు నిజం, నీ జన్యువు నిజం" అన్నాను.

"బూజు నిజమే. అది అక్కడ లేదు అక్కా. లేని చోట ఉందని రాస్తే, నిజంగా నేను దొంగనే అయిపోతాను." తర్వాత తనలో తనే అనుకున్నట్టు, "పత్తి బూజులకి దగ్గర అన్నాడు. నా దగ్గర పత్తి ఎక్కడుంది?" అంది.

అంటూ తన చేతి సంచీలోకి చూసింది. సంచీ లోపల ఖాళీ ట్యూబులు, వాటి మూతికి తెల్లటి బిరడాలు. ఒక బిరడా లాగి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఉడికించావుగా" అన్నాను. "అందులో ఏదీ బతకదని నువ్వేగా చెప్పావు."

"ఉడికించినవాటిల్లో బతకదు" అంది.

తెనాలిలో దిగి ఎక్కడా ఆగకుండా సరాసరి షాపుకి నడిచింది. నేను వెనక పరిగెత్తాల్సి వచ్చింది. నాగుల్ మీరా గారు చాప మీద కూర్చుని పెళ్లివారి పరుపు అంచు దబ్బనంతో కుడుతున్నాడు. మధ్య మధ్యలో దగ్గుతున్నాడు. ఆ దగ్గు మాకు అలవాటే. దూది పనివాళ్లకి దగ్గు రాకుండా ఎలా ఉంటుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు.

"నాన్నా, ఆ రోజు కొల్లిపర తోటలో మీరేం చేశారో మొదట్నుంచీ చెప్పండి."

"ఏం చేశానమ్మా? నువ్వు తీశావు, నేను పట్టుకున్నాను."

"బిరడాలు?"

"నువ్వు తీసి ఇచ్చేదానివి, నేను పట్టుకునేవాణ్ని, మళ్లీ పెట్టేసేవాణ్ని." దబ్బనం ఆపాడు. "ఒకటి జారి బురదలో పడింది. మట్టయిపోయింది. అది పెడితే నీ పని పాడవుద్దని పారేసి, నా సంచిలో దూది ఉంటే కొత్తది చుట్టి పెట్టాను. తెల్లగా, శుభ్రమైందే పెట్టానమ్మా. నువ్వు అవతల బోదె దగ్గరున్నావు."

ఆయన ముఖంలో ఇప్పటికీ ఆ పని చక్కగా చేశానన్న తృప్తి ఉంది. మురికిది తీసి శుభ్రమైనది పెట్టాడు. పరుపులు కుట్టే మనిషి ఇంకేం చేస్తాడు? ఉడికించని దూదిలోంచి బూజు ట్యూబులోకి దిగుతుందని ఆయనకి ఎవరు చెప్పారు?

సుమయా చాప మీద ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏ దూది నాన్నా అది?"

ఆయన దబ్బనంలో దారం సర్దాడు. వీధిలోకి చూశాడు. మళ్లీ అడిగింది.

"ఆ ఏడు వానలకి కాలవ నీళ్లు షాపులోకి వచ్చాయి గుర్తుందా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక దూది బేలు అడుగున తడిసింది. మేడ మీద ఎండబోశాను. చూడ్డానికి బాగానే ఆరింది. కానీ అమ్మలేదమ్మా. ఒక్క గుప్పెడు కూడా ఎవరి పరుపులోనూ పెట్టలేదు. నువ్వు బిరడాలకి దూది కావాలన్నావు. సీసా మూతికి పెట్టేదే కదా, ఎవరూ పడుకునేది కాదు కదా అని అందులోంచి ఇచ్చాను. ఆ రోజు నా సంచిలో ఉన్నదీ అదే."

వేసవి నుంచి కొల్లిపర లంకల్లో వెతుకుతున్నది, నాలుగేళ్ల కిందట ఈ షాపు మేడ మీద ఎండింది.

"ఆ దూది ఇంకా ఉందా?" అంది సుమయా. దూది ఉంటే అందులో కె-7 దొరకొచ్చు. దొరికితే శివరామయ్య గారికి జవాబు దొరికినట్టే.

"లేదు. ఎప్పుడో పారేశా." వెంటనే చెప్పాడు. తర్వాత చేతులు జోడించినంత పని చేశాడు. "ఈ సంగతి ఎక్కడా రాయొద్దమ్మా. నాగుల్ మీరా షాపు దూదికి బూజు పట్టిందని బజార్లో తెలిస్తే, ఎందుకు పట్టింది, అమ్మాడా లేదా అని ఎవరడుగుతారు? ఈ పెళ్లిళ్ల బేరాలు పోతాయి. ఫోము షాపువాడు మైకు పెట్టి చెప్తాడు. నీ పరీక్ష ఇంకోలా గట్టెక్కించుకో."

సుమయా తల వంచుకుంది. షాపు వెనకే వాళ్ల ఇల్లు. అప్పుడు ఆ లోపల గదిలోంచి వాళ్లమ్మ అమీనా బీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో చేట ఉంది.

"పారేయడమేంటి?" అంది ఆమె. "మీరు పడుకునే పరుపులో ఉంది అదేగా. పారేయడానికి మనసొప్పక మనకే కుట్టారుగా. నన్ను మాత్రం దాని మీద పడుకోనివ్వలేదు, చాపేసుకోమన్నారు."

సుమయా లేచి లోపలికి పోయింది. గోడవారగా నాగుల్ మీరా గారి మంచం, మంచం మీద గళ్ల గుడ్డ పరుపు. ఆమె కత్తెర తీసుకుంది. వెనకాలే వచ్చిన ఆయన కత్తెర అందుకుని, "ఇలా ఇవ్వు. నా కుట్టు నేను విప్పుతా" అన్నాడు. ఒక్కో ముడీ విప్పాడు. లోపలి దూది అక్కడక్కడా నల్లగా, ఆకుపచ్చగా. సుమయా చిన్నప్పుడు చూసిన మచ్చలే. ఆయన ముఖం తిప్పుకుని దగ్గాడు. ఆ దగ్గు ఎక్కడిదో అప్పుడు మా అందరికీ తెలిసింది, ఎవరమూ పైకి అనలేదు. సుమయా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి?

ఆ దూదిని బాపట్లలో పెంచారు. ఎర్ర రంగు పోసి కడిగిన రోజు పూర్ణచంద్రరావు గారు కూడా పళ్లెం మీదకి వంగాడు. తెల్లటి వలయం అంచుదాకా పాకింది. జన్యువు అక్షరాలు హైదరాబాదు నుంచి వచ్చేదాకా మాకు నిద్రల్లేవు. వచ్చాయి. పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చూసింది. ఒక్కటి కూడా తేడా లేదు.

ఇక మిగిలింది ఎలా రాయాలన్నది. ఏడో ట్యూబుకి తోటలో ఉడికించని బిరడా పడిందని, బూజు ఆ దూదిదని, అరటిది కాదని ఉన్నదున్నట్టు రాసింది. ఎవరి దూదో మాత్రం రాయలేదు. తెనాలిలో నిల్వ ఉన్న తడిసిన దూది, అని ఊరుకుంది. నాన్నకి మాటిచ్చానంది. "వైవాలో అడుగుతారే" అన్నాను. "అడిగితే చూద్దాం" అంది. ఆ మొండితనం ఎక్కడ నుంచి వచ్చిందో ఆ పరుపు చూశాక నాకు అర్థమైంది.

వైవా 2009 మొదట్లో బాపట్లలోనే, ల్యాబు పక్క హాల్లో పెట్టారు. ఎవరైనా వచ్చి వినొచ్చు. రేపల్లె నుంచి మా కాలేజీ సగం దిగింది, కామర్స్ ఆయనతో సహా. తెనాలి నుంచి తెలిసినవాళ్లు కొందరూ, పేపరు విలేఖరి ఒకతనూ వచ్చారు. నాగుల్ మీరా గారు రానన్నాడు. తీరా చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అంతా ఇంగ్లీషులోనే జరిగింది. ఆయన కూతురి ముఖమూ, శివరామయ్య గారి ముఖమూ మార్చి మార్చి చూస్తున్నాడు.

శివరామయ్య గారు సన్నగా, పొడుగ్గా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. జన్యువు గురించి అడిగాడు, చెప్పింది. ఎంజైము గురించి అడిగాడు, చెప్పింది. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మీరు ఒకసారి కొల్లిపర అన్నారు, అది తప్పని తేలింది. ఇప్పుడు తెనాలి దూది అంటున్నారు. ఎవరి దూది? ఎక్కడ నిల్వ ఉంది? రేపు ఇంకొకరు వచ్చి చూడాలంటే ఏ తలుపు కొట్టాలి?

సుమయా వెనక వరసకేసి చూడలేదు. చూస్తే నాన్న పట్టుబడతాడని ఆమెకి తెలుసు. "చెప్పలేనండి" అంది.

హాలంతా గుసగుస. చెప్పలేని మూలాన్ని ఒప్పుకోవడం కుదరదని శివరామయ్య గారు నెమ్మదిగానే అన్నాడు. కావాలంటే ఇంకొంచెం ఆలోచించుకోమన్నాడు. పూర్ణచంద్రరావు గారు నుదురు పట్టుకున్నాడు. సుమయా చేతులు కట్టుకుని నిలబడింది. ఆరేళ్ల పనినీ, ఉద్యోగాన్నీ అక్కడ బల్ల మీద వదిలేసి ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉంది.

"ఏమంటన్నాడమ్మా ఆయన?" నాగుల్ మీరా గారు నా చెవిలో అడిగాడు.

నేను మెత్తగా చెప్పే మనిషిని కాదు. "దూది ఎవరిదో చెప్పమంటన్నాడు బాబాయ్ గారూ. మీ పేరు చెప్పనంటంది. చెప్పకపోతే డిగ్రీ లేదంటన్నాడు" అన్నాను.

ముందు వరసల్లో ఉన్న తెనాలి ముఖాల్ని ఒక్కొక్కటే చూశాడు. ఆ విలేఖరిని చూశాడు. తర్వాత కుర్చీ వెన్ను పట్టుకుని లేచాడు.

"నాదండి ఆ దూది" అన్నాడు తెలుగులో. "తెనాలిలో పరుపుల షాపండి నాది. బిరడా మార్చింది కూడా నేనేనండి. అమ్మాయికి తెలవదు."

అందరూ వెనక్కి తిరిగారు. సుమయా కళ్లు మూసుకుంది. శివరామయ్య గారు కూడా తెలుగులోకి వచ్చాడు. "కూర్చోండి, కూర్చుని చెప్పండి. తడిసిన దూదిని మీరు పరుపుల్లో వాడారా?"

"ఒక్క పరుపులో వాడానండి."

విలేఖరి పెన్ను పైకి లేచింది.

"ఎవరికి అమ్మారు?"

"అమ్మలేదండి. దాని మీద నేనే పడుకున్నాను."

శివరామయ్య గారు కళ్లజోడు తీసుకుని, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన సుమయాని ఇంకేమీ అడగలేదు. సంతకం పెట్టే ముందు, బూజు పేరులో కొల్లిపర అక్షరం తీసేయమని మాత్రం చెప్పాడు. సమోసాలు చల్లారిపోయాయి, అయినా అందరూ తిన్నారు. కామర్స్ ఆయన రెండు తిన్నాడు.

పత్రికకి సవరణ పంపింది. ఇప్పుడు ఆ బూజు పేరు ఎన్‌ఎమ్-7. ఎన్‌ఎమ్ ఏమిటో చెప్పక్కర్లేదనుకుంటాను. ఉద్యోగం నిలబడింది. ఊళ్లో మాత్రం నాగుల్ మీరా గారు భయపడింది కొంత జరిగింది. ఆ రోజు చాప మీద కుట్టిన పెళ్లివారి పరుపే వద్దని వెనక్కి పంపారు. కొందరు షాపు ముందు నుంచి పోతూ ముక్కు ఎగబీల్చి చూశారు. ఆయన పట్టించుకోనట్టే ఉండేవాడు గానీ, ఆ ఎండాకాలం మిషను ఆగి ఉన్న రోజులు ఎక్కువ. సుమయా రైల్లో ఆ మాట చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగేది. డిగ్రీ వచ్చిన సంతోషం ఆమెకి పూర్తిగా ఎప్పుడూ దక్కలేదనే నా నమ్మకం.

జీతం పెరిగిన నెలలో షాపుకి పోయి, ఒక కస్టమరు లాగా బల్ల ముందు నిలబడి, పరుపొకటి కుట్టాలంది. కొత్త దూది, మంచి రకం, ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని కొలతలు చెప్పింది. ఎవరికని ఆయన అడగబోయి ఆగాడట. ఇంట్లో ఉన్న మంచాల కొలతలు పరుపులాయనకి నోటికొచ్చు. ఏమీ అనకుండా దూది తూచి, ఏకి, గుడ్డ కత్తిరించి, దబ్బనం తీసుకుని చాప మీద కూర్చున్నాడు. ఊరందరికీ కుట్టిన ఆ చేతులు కొత్త దూదితో తన మంచానికి పరుపు కుట్టుకోవడం అదే మొదలని అమీనా బీ నాకు చెప్పింది.